డైరీలో మిగిలిన ఒకే ఒక్క నడక

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి డైరీ రాయని రోజు లేదు. రోజుకు ఒకే వాక్యం, అది నా నియమం. పంజాగుట్టలోని మా ఫ్లాట్‌లో సగం అటక ఆ డైరీలదే. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, కాగితాలు పాత పేపర్లవాడికి ఇచ్చేయాలని మా ఆవిడ షరతు. రెండేళ్లు కూర్చుని టైపు చేశాను. లైనుకో రోజు, వరసే తేదీ కదా అని తేదీలు వేయలేదు. ఇంత పద్ధతిగల మనిషినై ఉండీ మూడు డైరీలు పొరపాటున రెండేసిసార్లు కొట్టాను.

కింది ఫ్లాట్ టీచరమ్మ అమీర్‌పేటలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. రెండోసారి కొట్టినవి తీసేసే ఉపాయం అడిగాను.

"గింతేనా అంకుల్? నల్ల తెరల సార్ట్ అని కొట్టి, పక్కన మైనస్ యు పెట్టుండ్రి. లైన్లు అక్షరాల వరుసల పడి, రెండుసార్లున్నయి ఒక్కటే మిగుల్తయ్. జర ముందుగాల కాపీ తీసుకోండ్రి."

ఆఫీసులో ప్రతి కాగితానికీ మూడు నకళ్లు తీయించిన నాకా చెప్పేదని నవ్వుకున్నాను. నకలు తీయకుండా అదే ఫైలు మీదికి రాయించాను.

రెప్పపాటులో పనైపోయింది. నా సర్వీసంతా కొన్ని పేజీల్లోకి కుదించుకుపోయి, అక్షర క్రమంలో నిలబడింది. 'విశేషమేమీ లేదు' ఒక్కసారే ఉంది. విశేషం లేని రోజు నాకు ఒక్కటేనన్నమాట. కాస్త గర్వంగానే అనిపించింది.

మా ఆవిడ కళ్లజోడు సర్దుకుని చదివింది.

"'సాయంత్రం ఇద్దరం నడకకు వెళ్లాం.' ఏంటండీ, ఇన్నేళ్లలో నన్ను ఒక్కసారే తీసుకెళ్లారా?"

"'ఇంట్లో పోట్లాట' కూడా ఒకటే ఉంది చూడు."

"'కూర బాగుంది' కూడా ఒకటే. దాని జోలికి మాత్రం కంప్యూటర్ వచ్చుండదు. మీరు రాసిందే ఒకసారి."

టీచరమ్మను పిలిచాం. ఆమె చూసి తల అడ్డంగా ఊపింది.

"తేదీలు లేకపాయె, ఒక్కతీరుగ రాసిన రోజులన్ని ఒక్క లైనైనయ్. కాపీ లేకుంటే ఇగ రాదు అంకుల్. డైరీలు సుత అమ్మిన్రా?"

డైరీలు గోనెసంచుల్లో గుమ్మం దగ్గరున్నాయి. అంతలో బెల్ మోగింది. పాత పేపర్లవాడు తక్కెడతో సహా నిలబడ్డాడు. నేను లేచేలోపే మా ఆవిడ అడ్డంగా వెళ్లింది.

"పేపర్లు తీసుకో భాయ్. ఆ సంచులు ముట్టుకోకు."

తలుపు వేసి నా వైపు తిరిగింది. "కూర సంగతి నేనే వెతుకుతాను. కాగితం మీదైతే మీరు ఏదీ చెరపలేరు."

సంచులు మళ్లీ అటకెక్కాయి. ఆ సాయంత్రం నడకకు వెళ్లొచ్చి, ఎప్పటి నడక వాక్యమే డైరీలో రాశాను. ఆవిడ చూస్తుండగా, నియమం తప్పి, దాని కింద 'కూర బాగుంది' అని చేర్చాను.