ఎదుటి కుర్సీ

పక్కింటి సారు పోయారన్న కబురుకు నేను నవ్వానని మా ఇంట్లో ఇప్పటికీ అనుకుంటున్నారు. నేను నవ్వింది కబురు తెచ్చిన మనిషి మాటకు. ఆ తేడా మావాళ్లకు పట్టలేదు.

కబురు తెచ్చింది మా వీధి చివరి గుమాస్తా. పొద్దున్నే గుమ్మంలో నిలబడి, కండువాతో కళ్లొత్తుకుంటూ, "సారు పాయె బిడ్డా. మెదక్‌ల ఎవ్వల్ని ఇడిసిపెట్టలే, అందరి మీద రాసిండు. నా మీద మాత్రం ఒక్క ముక్క రాయలే. గంత ఇజ్జత్ ఇచ్చిండు" అన్నాడు. సారు వ్యంగ్య కథల్లో సగానికి నాయకుడు ఈ గుమాస్తానే. అన్నీ సారు ఎదుట కూర్చుని విన్నవే.

నవ్వు ఆగలేదు. నాయనమ్మ నాకు దిష్టి తీసింది. బాపు, "హైదరాబాద్‌ల బీఏ చదివిస్తే చావు కబురుకు నవ్వుడు నేర్చుకొచ్చింది" అని ముఖం తిప్పుకున్నాడు.

సారు పద్ధతి తెలిస్తే అలా అనడు. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకుని, ఉర్దూలోనే లెక్కలు చెప్పి, తెలుగులో వ్యంగ్యం రాసిన మనిషి ఆయన. ఎవరి మీద రాస్తే వారిని పిలిచి, చాయ్ ఇప్పించి, ఎదురుగా పేము కుర్సీలో కూర్చోబెట్టి మొదట వారికే చదివేవారు. వాళ్లు నవ్వితేనే కథ పత్రికకు వెళ్లేది. లేకపోతే చించేసి మళ్లీ రాసేవారు. "ఎనుక నుంచి నవ్వుడు దొంగతనం బిడ్డా. ముంగట నవ్వాలె" అనేవారు.

చిత్రమేమంటే, ఆ కుర్సీలో కూర్చున్నవాళ్లెవరూ తమను గుర్తుపట్టలేదు. పెళ్లయ్యాక పెళ్లి షేర్వానీ ఇచ్చే దర్జీ కథ విని మా దర్జీ సాహెబ్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఖిల్లా కాడి దర్జీ మీదనే గదా సారూ? 'షేర్వానీ లేకుంటే పెండ్లి ఆగుతదా' అంటడు గాడు. జర గది గూడ రాయుండ్రి."

ఆ మాట మా చిన్నాయన పెళ్లికి సాహెబ్ మాతో అన్నదే. సారు ముఖంలో ఒక్క గీత కదలలేదు. రాసుకున్నారు.

నా రాతలు మొదట చదివిందీ సారే. ఊరందరి మీదా రాసి తీసుకువెళ్లేదాన్ని. ఒకసారి కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "మస్తు రాసినవ్. గీ కాగితాలల్ల మీ బాపు ఏడి?" అన్నారు.

"బాపు మీదనా సారూ?"

"ఇంట్ల మనిషిని కూసోవెట్టకుండ ఊరి మీద పడుతవా? పో, ఆయిననే ముందుగాల కూసోవెట్టు."

బాపుకు ఆడపిల్ల రాత పత్రికలో రావడమే గిట్టదు. "నలుగురి నోట్ల పడుతవ్" అంటాడు. అందుకే నా కాగితాలు ఇంతవరకూ మెదక్ దాటలేదు.

కర్మలన్నీ అయ్యాక సారు భార్య నన్ను పిలిచింది. "ఇగ గీ కుర్సీల ఎవ్వలు కూసుంటరు? కూసోవెట్టెటోడే పాయె. నువ్వు తీస్కపో" అంది. చెబుతూ తనే నవ్వింది. ఆ ఇంట్లో ఎవరూ ఆ నవ్వుకు దిష్టి తీయలేదు.

నెత్తిన పెట్టుకుని తెచ్చి మా అరుగు మీద వేశాను. ఊళ్లో సగం మంది కూర్చుని అల్లిక మధ్యలో గుంట పడిన కుర్సీ. బాపు ఇప్పుడు అందులోనే ఒదిగి కూర్చుని పేపరు చదువుతున్నాడు. చాయ్ ఇచ్చాను.

ఈ కథ ముందు ఆయనకే చదువుతాను. నవ్వకపోయినా పత్రికకు పంపుతాను.