వీరరాఘవయ్య మాస్టారు కట్టిన మూల

కిందటేడు స్కౌట్ క్యాంపుకని రంగత్‌లో బస్సెక్కిన వెదురు గడలు మాయాబందర్ చేరాయి గానీ, దిగలేదు. బస్సు టాపు మీద వాటిని కట్టింది మా వీరరాఘవయ్య మాస్టారు. పిల్లలు లాగారు. క్లీనరు లాగాడు. జెట్టీ దగ్గర మూటలు మోసేవాళ్లు పైకెక్కి లాగి, చేతులు దులుపుకుని దిగిపోయారు. చివరికి మాస్టారే ఎక్కి, కళ్లజోడు తుడుచుకుని, ముడి వంక కాసేపు మెచ్చుకోలుగా చూసి, పళ్లతో ప్రయత్నించారు. కండక్టరు శివాజీ ఎక్కడినుంచో కత్తి పట్టుకొచ్చాడు.

"తాడు కొయ్యడానికి వీల్లేదు," అన్నారు మాస్టారు.

"తో క్యా కరూ, మాస్టర్‌జీ? బస్సు కోసెయ్యమంటారా?"

బస్సు టైమయింది. గడలు రంగత్ వెళ్లిపోయాయి. మర్నాడు అదే బస్సు మీద మళ్లీ మాయాబందర్ వచ్చాయి. ఈలోగా వాన పడింది కాబట్టి ముడులు ఇంకాస్త బిగిశాయి. క్యాంపు ముగిసేదాకా అవి రోజూ వచ్చి వెళుతూనే ఉన్నాయి. పిల్లలు రోడ్డు పక్కన నిలబడి వాటికి చెయ్యూపేవారు. తరవాత వాటిని ఎలా దింపారో శివాజీ నాకు చెప్పాడు గానీ, మాస్టారికి చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు.

మాస్టారి వాళ్లది శ్రీకాకుళం తీరం. ఆయన పుట్టకముందే వాళ్ల నాన్నగారు టీచరుద్యోగం మీద ఓడెక్కి అండమాను వచ్చి, ఓడ ప్రయాణం మళ్లీ పడలేక ఇక్కడే ఉండిపోయారు. మాస్టారు రంగత్‌లో మా బడిలో సోషలు చెబుతారు. స్కౌట్ మాస్టారు ఎలా అయ్యారంటే, ఎప్పుడో ఒక స్టాఫ్ మీటింగులో ఆ పనికి ఎవరన్నా ముందుకు రమ్మన్నప్పుడు, ఆయన కిటికీ తలుపు వెయ్యడానికి చెయ్యెత్తారు. అలా ట్రైనింగుకి పంపించారు. ఆయనతో వెళ్లినవాళ్లందరూ సర్టిఫికెట్లు తెచ్చుకున్నారు. ఈయన ఒక మతం తెచ్చుకున్నారు.

ఆ మతం పేరు లాషింగు. చెప్పుకుంటే చిన్న పనే. రెండు గడలు అడ్డంగా పెట్టి, తాడు కిందికీ మీదికీ చుట్టి, ఆ చుట్లు వదులు కాకుండా గడల సందులోంచి అడ్డంగా మరో రెండు చుట్లు వేసి బిగిస్తే అయిపోతుంది. మేకు అక్కర్లేదు, సుత్తి అక్కర్లేదు. క్యాంపులో కంచాల స్టాండు, బూట్ల స్టాండు, గేటు, వేదిక, అన్నీ ఇలాగే కడతారు. ఆ చివరి అడ్డచుట్లకి పుస్తకంలో ఏదో ఇంగ్లీషు పేరుంది. మాస్టారు దాన్ని 'పీకనొక్కుడు' అంటారు. పుస్తకంలో రెండు చాలని ఉంటుంది. పుస్తకం రాసినవాడు అండమాను గాలి ఎరగడని మాస్టారి నమ్మకం. అందుకని ఆయన గడ మీద కాలు తన్నిపెట్టి, తాడు చివర కర్రముక్క బిగించి, మొహం వంకాయ రంగుకి వచ్చేదాకా లాగుతారు. ఆపైన ముడి మీద చెంబుడు నీళ్లు పోస్తారు. కొబ్బరి తాడు తడిసి ఉబ్బిందంటే ఇక అది ముడి కాదు, రాయి.

ఇలాంటి మనిషి ఇల్లు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఒకసారి ఎవరిదో ఆవు వచ్చి బంతి మొక్కలు మేసిందని మాస్టారు వీధి గేటు కట్టారు. అప్పట్నుంచీ ఆవు రాలేదు. బంధువులూ రాలేదు. నాబోటివాళ్లం పెరటి వైపు తిరిగి, చిక్కుడు పందిరి కింద నడుం వంచి వెళతాం. మాస్టారి భార్య కళ్యాణి గారు కాఫీ ఇస్తూ ఏనాడూ ఆయన మీద ఫిర్యాదు చెయ్యరు. సమాచారం మాత్రం చెబుతారు.

"పెళ్లిలో మూడు ముళ్లూ ఇలాగే వేశారండీ ఈయన. పంతులుగారు చాలు బాబూ, చాలు నాయనా అంటూనే ఉన్నారు. మూడో ముడి దగ్గర మా నాన్న లేచొచ్చి చెయ్యి పట్టుకున్నారు."

"ఊడిందా మరి?" అన్నారు మాస్టారు పేపరు దించకుండానే.

పక్కింటి మల్లేశుది చేపల వేట. ఒక గాలివాన రోజున అతని డుంగీ పడవని ఒడ్డున చెట్టుకి కట్టి పుణ్యం కట్టుకున్నారు మాస్టారు. గాలివాన వెళ్లిపోయింది. వేటకెళ్లినవాళ్లందరూ సురమయి చేపలు తెచ్చుకున్నారు. మల్లేశు మాత్రం చెట్టు కింద కూర్చున్నాడు.

"మాస్టారండీ, మీరు కట్టింది తుఫానొచ్చినా పోదు, నానొచ్చినా రాదు," అన్నాడు. మాస్టారు దాన్ని మొదటి సగం వరకే విన్నారు.

ఇంతవరకూ ఇది ఇంటి గొడవ. అసలు చిక్కు షీల్డు దగ్గర వచ్చింది. ఏటా మాయాబందర్‌లో జరిగే క్యాంపులో అన్ని బడుల పిల్లలకీ కట్టడాల పోటీ ఉంటుంది. సగం మార్కులు కట్టినందుకు. మిగతా సగం విప్పినందుకు. విజిలు వేశాక తాడు కొయ్యకుండా, గడ విరక్కుండా, నేల ముందెలా ఉందో అలా చెయ్యాలి. మా పిల్లలకి కట్టినందుకు ఏటా నిండా మార్కులు, కిందటేడు అరువు గడలతో కట్టినా సరే. విప్పినందుకు ఏటా సున్నా. జడ్జి విజిలు వేస్తే మిగతా బడుల గేట్లు పేకమేడల్లా దిగిపోయేవి. మా గేటు చుట్టూ పిల్లలు తేనెపట్టు ఈగల్లా మూగేవారు, అది మాత్రం దేవాలయంలా నిలబడి ఉండేది. షీల్డు పెట్టడానికని మా బడిలో హాలు గోడకి ఎప్పుడో కొట్టిన మేకుకి ఇప్పుడు కేలండరు తగిలిస్తున్నారు.

ఈ ఏడు మాస్టారికి రిటైర్మెంటు. మల్లేశు కూతురు చిట్టితల్లికి బడిలో ఆఖరి ఏడు. ఆ పిల్లే మా జట్టు లీడరు. ఆరో తరగతి నుంచీ ఏటా సున్నా మోసుకుని ఇంటికొస్తోంది. ఈసారి షీల్డు తెస్తానని అమ్మకి చెప్పింది, బడికి చెప్పింది, బస్సులో శివాజీకి కూడా చెప్పింది. తండ్రి దగ్గర పడవ ముడులన్నీ నేర్చుకుంది. కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే ఊడొచ్చే జారుముడి ఆ పిల్ల కళ్లు మూసుకుని వేస్తుంది. మాస్టారికి జారుముడి అంటే తగని అసహ్యం. జారుముడి వేసేవాడికి పిల్లనివ్వకూడదంటారు.

బయల్దేరే రోజు బస్టాండులో చిట్టితల్లి ఆయన ముందు నిలబడింది.

"సర్, ఈసారి మీరు హాథ్ మత్ లగాయియే. మేమే కడతాం, మేమే విప్పుతాం. మీరు కుర్చీలో కూర్చోండి, బస్, అంతే."

"నేను ముట్టుకోనమ్మా."

"చూడ్డానికి కూడా దగ్గరికి రావద్దు సర్. చూస్తే ముట్టుకుంటారు."

"రాను."

"ప్రామిస్?"

మాస్టారు నా వంక చూశారు. క్యాంపు వంట నా బాధ్యత కాబట్టి, నేను బియ్యం బస్తాలు లెక్కపెట్టుకుంటున్నట్టు నటించాను. "ప్రామిస్," అన్నారాయన, పన్ను పీకించుకునే మొహంతో.

మాట నిలబెట్టుకున్నారు కూడా. పిల్లలు కడుతున్నంతసేపూ వంటశాల దగ్గర నా పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరిగారు. దూరంగా తాడు కిర్రుమన్నప్పుడల్లా ఆయన కాలు గాల్లో ఒక తాపు తన్నేది. రెండుసార్లు లేచారు. రెండుసార్లూ ఇంకాసిని ఉల్లిపాయలు ఇచ్చాను. ఆ రోజు క్యాంపంతా ఏ కూర తిన్నా ఉల్లిపాయ కూరే.

మా జట్టు వంతుకి వచ్చింది వేదిక. నడుమెత్తు. కింద గడలు, పైన వెదురు బద్దలు, చుట్టూ నేలదాకా జారే నీలం గుడ్డ. ముఖ్య అతిథీ మరొకరూ నిలబడితే చాలని క్యాంపు ఇన్‌ఛార్జి దీపికా దీదీ చెప్పింది. చిట్టితల్లి సరిగ్గా అందుకు తగ్గట్టే కట్టింది. పిల్లలు ఎక్కి గెంతి చూశారు. ఇంచు కదల్లేదు. దీపికా దీదీ కట్టినందుకు నిండా మార్కులు వేసింది. ఇక మిగిలింది విప్పడమే.

ముఖ్య అతిథి యుగంధర్ గారు. ఏ శాఖో చెప్పను, ఆయనకీ అది ఏడాదికోసారి మారుతూ ఉంటుంది. ఎక్కడికెళ్లినా జీపులో తన కుర్చీ తనే తెచ్చుకుంటారు. బరువైన టేకు కుర్చీ, వీపు మీద తెల్ల తువ్వాలు. డ్రైవరు దాన్ని వేదిక మీద పెట్టాడు. అతిథి గారు ఎక్కారు. ఆయన వెనక ఆయన పి.ఏ. ఎక్కాడు. పి.ఏ. ఎక్కితే మేమెందుకు ఎక్కకూడదని ఇద్దరు హెడ్మాస్టర్లు ఎక్కారు. హెడ్మాస్టర్లని చూసి ఊరి పెద్దలు ఎక్కారు. దండలు పట్టుకున్నవాళ్లు ఎక్కారు, దండలు వేశాక దిగలేదు. ఫొటో తీసేవాడు ఎక్కాడు. మన దేశంలో వేదిక ఎంత బరువు ఆపుతుందో కట్టినవాళ్లు నిర్ణయించరు గదా.

అతిథి గారు కూర్చునే ప్రసంగం మొదలెట్టారు. "బచ్చో, జీవితంలో మనిషి తన కాళ్ల మీద తను స్థిరంగా నిలబడాలి," అన్నారు. ఆ మాటకి వేదిక వెనక ఎడమ మూల బెత్తెడు దిగింది.

పెద్దమనిషి కిందికి దిగుతున్న సంగతి ఆయనకి చెప్పడం మర్యాద కాదు. ఆయన స్థిరత్వం గురించి ఉదాహరణలు ఇస్తున్నారు. ఉదాహరణకొక బెత్తెడు చొప్పున మూల దిగుతోంది. పైన ఉన్నవాళ్లందరూ ఓడ డెక్కు మీద నిలబడ్డట్టు ఒక పక్కకి ఒరిగి, నవ్వుతూ, చప్పట్లు కొడుతున్నారు. కుర్చీ వెనక కాలు బద్దల సందులోంచి కిందికి దిగబడింది. ఇంకో ఉదాహరణ ఇస్తే అతిథి గారు వెనక్కి తిరగబడి మేం పారబోసిన ఉల్లిపాయ తొక్కల్లో పడేలా ఉన్నారు.

మాస్టారు నా పక్కనే ఉన్నారు. నీలం గుడ్డ వంక చూశారు. ముందు వరసలో నిలబడ్డ చిట్టితల్లి వంక చూశారు. ఆ పిల్ల సరిగ్గా ఆయన్నే చూస్తోంది. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"పడతాడయ్యా," అన్నారు మాస్టారు నాతో.

"నడుమెత్తే గదండీ. పడితే ఏమవుతుంది?"

"ముడి పరువు పోతుంది."

అప్పటికే నా బియ్యం బస్తా తాడు ఊడదీసి పట్టుకున్నారు. వెనకవైపు గుడ్డ ఎత్తి, మోకాళ్ల మీద పాకుతూ, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి వేదిక కిందికి మాయమయ్యారు. పైన ప్రసంగం సాగుతోంది. కింద చిన్న మూలుగు, తాడు కిర్రు. మూల ఆగింది. మరో మూలుగుతో బెత్తెడు పైకి కూడా లేచింది. అతిథి గారు తన మాటల బలానికే లేచినట్టు గొంతు పెంచారు. నాకు చెంబుతో నీళ్లు పోసిన చప్పుడు కూడా వినిపించింది. చెంబు ఎక్కడిదో అడక్కండి.

ప్రసంగం అయింది. అందరూ క్షేమంగా దిగారు. విప్పే పోటీ చూసి షీల్డు ఇవ్వడానికి అతిథి గారికి కింద కుర్చీ వెయ్యాలి గదా, డ్రైవరు పైకెక్కి కుర్చీ ఎత్తాడు. కుర్చీ రాలేదు. వేదిక ఎగిరి పడింది.

దిగబడిన కుర్చీ కాలునీ, మూల గడనీ, అడ్డ బద్దనీ కలిపి మాస్టారు ఒకే కట్టుగా కట్టేశారు. పీకనొక్కుళ్లు మామూలు కంటే ఎక్కువే వేశారు, అతిథి గారి హోదాని బట్టి.

దీపికా దీదీ విజిలు వేసింది. చిట్టితల్లి జట్టు ముడి కొసలు పట్టుకుని లాగింది. మూడు మూలలూ, బద్దలూ, మెట్లూ జారుముడి మర్యాదగా విడిపోయాయి. తాళ్లు చుట్టలయ్యాయి, గడలు వరసయ్యాయి. అంత వేగంగా విప్పిన జట్టుని నేను చూడలేదు. మైదానం మధ్యలో మిగిలిందల్లా ఒక మూల. దాని మీద వంకరగా ఒక టేకు కుర్చీ. దాని మీద తెల్ల తువ్వాలు.

పిల్లలు దాని మీద పడ్డారు. డ్రైవరు పడ్డాడు. పి.ఏ. కత్తి అడిగితే దీపికా దీదీ, "కోస్తే సున్నా," అంది. చిట్టితల్లి ముడి చుట్టూ వేళ్లు పెట్టి వెతికింది. కొస దొరకలేదు. గోళ్లు విరిగాయి. మాస్టారు కూడా వచ్చి కూర్చుని, కళ్లజోడు తుడుచుకున్నారు. గడువు అయిపోయిందని రెండో విజిలు పడింది.

షీల్డు మరో బడి పిల్లలు ఎత్తుకుని మైదానం చుట్టూ తిరిగారు. అతిథి గారు కుర్చీ కోసం కాసేపు ఎదురుచూసి, తువ్వాలు మాత్రం మడిచి చంకలో పెట్టుకుని జీపెక్కారు. మాస్టారు ఇంకా ఆ మూల పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నారు. చిట్టితల్లి వచ్చి ఆయన ముందు నిలబడింది. ఆ పిల్ల ఏడవలేదు గానీ, ముక్కు ఎర్రగా ఉంది.

"సర్, ఆప్‌నే ప్రామిస్ కియా థా. ఆయన పడితే పడేవాడు, లేచేవాడు. ఈ ఒక్క మూల వదిలేసుంటే షీల్డు మనదే కదా సర్."

మాస్టారు తలెత్తి చూశారు. పక్కకి జరిగి ఆ పిల్లకి చోటిచ్చారు.

"షీల్డు సరే గానీ చిట్టితల్లీ, ఆ మూల పట్టుకుని ఒక్కసారి ఊపి చూడమ్మా," అన్నారు.