చీమలకు పెట్టిన చేప తల

మా చిన్నప్పుడు... జీడితోటలో పూత రాకముందే నానమ్మ చెట్టు నుంచి చెట్టుకు కొబ్బరితాళ్లు కట్టించేది. ఆకులు కుట్టుకుని గూళ్లు కట్టే ఎర్ర చీమలు నడవడానికి వంతెనలన్నమాట! కొమ్మకో చేప తల కూడా వేలాడదీసేది... అది చీమలకు భోజనం.

"సీమలే మన కావిలోళ్లు రా గుంటడా" అనేది.

ఆ చేప తలలు తెచ్చేది అప్పలమ్మత్త. సముద్రం ఒడ్డు ఊరి నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చేది. చేపలు అమ్ముకుని, తలలు మాత్రం ఊరికే ఇచ్చేది. నాకు ఒక రొయ్య ఎక్కువ!

చెట్టెక్కి తాడు కట్టే పని నాది. ఒకరోజు చీమలు లాగులో దూరాయి. కిందికి దూకి, లాగు అక్కడే విప్పి పారేసి, వీధిలోంచి ఇంటికి పరుగెత్తాను... మా పెదనాన్న పిల్లలు నెల్లాళ్లు వదల్లేదు. "ఏటిరా, నీ లాగు సీమలెత్తుకుపోనాయా?"

ఆ ఉక్రోషంలో ధాన్యం బస్తాల దగ్గర చల్లే పురుగుమందు పొడి దొంగిలించాను. పాతగుడ్డలో మూటకట్టి, వెదురుగడ చివర తగిలించి, గూడు గూడుకీ దులిపాను. చేప తలల మీద కూడా పడింది. తెల్లారేసరికి వాటి కింద చీమలు కుప్పలు...

నానమ్మ ఏమనుకుంటుంది? ఆ వేళకే వీధిలోకి వచ్చిన అప్పలమ్మత్తను నిలదీసింది.

"ఏటే, ఏటి కలిపీసినావే తలల్లో? నా సీమలన్నీ సచ్చిపోనాయి!"

"నానేటి కలుపుతానమ్మా! ఆ తలలే నా పిల్లలికీ పులుసెట్టినాను. ఆళ్లు బాగానే ఉన్నారు కదా!"

చుట్టూ జనం చేరారు. అత్త ఒక్కొక్కరి ముఖం చూసింది... నా ముఖం కూడా చూసింది. నేను నానమ్మ చీర వెనక నిలబడ్డాను. చేతులకు ఇంకా ఆ మందు వాసన...

చేతులు లాగుకు తుడుచుకున్నాను.

ఆ ఏడు పూత నల్లగా మాడిపోయింది. "ఆ సేపలదాని పాపం" అని ఊరంతా అన్నారు. అప్పలమ్మత్త మళ్లీ మా వీధికి రాలేదు. నానమ్మ పోయేదాకా నిజం చెప్పలేదు నేను. పెద్దయ్యాక తోట నా చేతికొచ్చినా తాళ్లు కట్టలేదు... మందు డబ్బానే నమ్ముకున్నాను.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే... మా సుజాత! వ్యవసాయం చదివిన నా చిన్న కూతురు! నిరుడు మందు కొట్టబోతే చేయి పట్టుకుంది.

"నాన్నా, పూత మాడ్చేది టీ దోమ అనే పురుగు. దాన్ని తినేది ఈ ఎర్ర చీమలే. కాపలావాళ్లను మనమే చంపేస్తే ఎలా?"

పక్క తోట వాళ్లను అడిగి చీమల గూడు కొమ్మతో సహా గోనెసంచిలో తెచ్చింది. తనే తాళ్లు కట్టింది... అచ్చం మా నానమ్మలాగే! ఈ ఏడు పూత చూడాలి మీరు... చెట్టు చెట్టంతా పూతే! నా కూతురండీ, నా కూతురు! కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాను.

చెప్పుకుని చెప్పుకుని, ఒక్కరికి చెప్పలేదని గుర్తొచ్చింది. మొన్న పలాస చేపల బజారుకు వెళ్లాను. అప్పలమ్మత్త ఎప్పుడో పోయింది. ఆవిడ కూతురు లచ్చిమి అక్కడే అమ్ముతుంది. నిలబడే అంతా చెప్పేశాను.

కత్తి పక్కన పెట్టి విన్నది.

"మాయమ్మకి తెలుసు బావా. 'ఆ గుంటడి సేతులు మందు కంపు కొట్టినాయే' అనేది."

"మరి... చెప్పలేదేం?"

"సిన్నోడు, సెప్తే తోలు తీసెత్తారని."

లచ్చిమి రెండు పెద్ద చేప తలలు సంచిలో వేసింది. డబ్బులిస్తే చేయి తోసేసింది.

"సీమలికి కదా బావా... మాయమ్మ ఎప్పుడైనా అమ్మిందేటి?"

సంచి పట్టుకుని తోటకొచ్చాను. ఆ తలలు కొమ్మకు కడుతుంటే చీమలు కుట్టాయి. కుట్టనిచ్చాను.

ఇప్పుడు ఇంటింటికీ మందు డబ్బాలే... పురుగుకూ ఒక ముద్ద పెట్టే నానమ్మలు, ఒకరి తప్పు తమ నెత్తిన మోసిన అత్తలు ఎక్కడున్నారు? మీ వల్ల కూడా ఇలా ఎవరైనా మాట పడి ఉంటే... వాళ్లుండగానే వెళ్లి చెప్పేయండి. నాకైతే ఆలస్యమైపోయింది. మీ ముచ్చట కింద రాయండి, చదువుకుంటాను...