జీలకర్ర బెల్లం పడ్డాక అడిగిన మాట

"ఫోను ఖరాబైంది. నోర్లు కదుపుతుండ్రు గని మాట వస్తలేదు. ఊకె చార్జింగు దండుగ," అన్నాను.

"ఖరాబు గాలే అవ్వా. మాటలు రాని కాలం సినిమా ఇది. ముసుగుల ఉన్న పిల్లకు పొరపాటున వేరేటాయనతోని పెండ్లయింది," అంది మనవరాలు స్వప్న.

"పొద్దుగాల మీ బాపు బీబీపేట పోయి నీ సంబంధానికి మాటిచ్చి వస్తడు. నువ్వు సినిమాలు చూసుకుంట కూసో."

"నన్ను ఎవలన్న అడిగిండ్రా?"

"మమ్ముల ఎవలడిగిండ్రే?"

అనేశాక నాలుక కరుచుకున్నాను. నన్ను ఒక మనిషి అడిగింది. ఫోను లాక్కుని చూశాను. ముసుగు తీసిన పెళ్లికూతురు కళ్లింతలు చేసుకుని చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు.

నా పుట్టిల్లు ఎల్లారెడ్డి. రెండో తరగతితో బడి మానిన నాకు బీడీలు చుట్టడం నేర్పింది పక్కింటి రాజవ్వ. మొగుడు పోయిన మనిషి. తునికాకు ముక్క కూడా పారేయనిచ్చేది కాదు. నా పొదుపు ఆమె పెట్టిందే. "కత్తిరించినంక అతుకుతదా బిడ్డా? తెగకముందే చూసుకోవాలె," అనేది.

ఖర్చు కలిసొస్తుందని నాకూ చిన్నాయన కూతురు లక్ష్మికీ ఒకే పందిట్లో, ఒకే ముహూర్తానికి పెళ్లి పెట్టారు. ఇద్దరికీ ఒకే రకం చీర, నెత్తి నిండా కొంగు, నుదుట బాసింగం. తల ఎత్తకూడదు. ఎవరో చెయ్యి పట్టి కూర్చోబెట్టిన పీట మీద కూర్చున్నాను. అడ్డుతెర అవతలి చెయ్యి నా నెత్తిన జీలకర్ర బెల్లం పెట్టింది. నేనూ పెట్టాను. తెర దించారు. ఎదురుగా నాకు కుదిర్చిన మీసాలాయన లేడు. లక్ష్మికి కుదిర్చిన భిక్నూరు పిల్లగాడున్నాడు. ముందు బెదిరిపోయాడు. తర్వాత, బెల్లం నా కంట్లోకి కారుతుంటే కండువా అంచుతో తుడిచాడు.

డప్పులు ఆగాయి. "జీలకర్ర బెల్లం పడ్డంక పెండ్లయినట్టే," అన్నారు కొందరు. "పుస్తె కట్టలేదు గదా, పీటలు మార్చుండ్రి," అన్నారు ఇంకొందరు. అప్పుడు పందిరి బయట నిలబడ్డ రాజవ్వ నేరుగా లోపలికి వచ్చింది.

"మొగడు సచ్చినదానివి, పీటల కాడికి వస్తవా?" అన్నాడు మా పెద్దనాయన.

"నేనొస్తే అపశకునం, మీరు పిల్లలను తారుమారు జేస్తే శకునమా?" అని నా ముందు కూర్చుంది. చేతుల నిండా పొగాకు వాసన. "బిడ్డా, ఇంక తెగలేదు. నీకు ఎవలు గావాలె?"

పుట్టాక నన్నెవరూ ఏదీ అడగలేదు. వేలెత్తి కండువా మనిషిని చూపించాను. లక్ష్మినీ అడిగింది. అది మీసాలాయన వైపు చూసి ముసిముసిగా నవ్వింది. డప్పులు మళ్లీ మోగాయి.

ఆయనతో నలభై ఏళ్లు కాపురం చేశాను. తగాదా లేని రోజు లేదు, పీట మార్చుకుంటే బాగుండేదనుకున్న రోజూ లేదు. రాజవ్వ పోయింది, ఆమె ఆకు కత్తెర ఇంకా నా చాటలోనే ఉంది.

తెల్లారి కొడుకు చెప్పులేసుకుని బస్సుకు బయలుదేరాడు. "జర కూసో," అన్నాను. స్వప్నను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాను.

"బిడ్డా, ఈ సంబంధం నీకు ఇష్టమేనా?"

"లేదవ్వా," అంది.

వాడు చెప్పులు విప్పి గడప పక్కన పెట్టాడు.