మొగులు కాదు, పొగ

మధ్యాహ్నం మూడున్నరకు నాగర్‌కర్నూల్‌లో సూర్యుణ్ణి రెప్ప వేయకుండా చూడగలిగాను. బడి గేటు దగ్గర స్కూటీ ఆపి తలెత్తితే ఎర్రగా, గుండ్రంగా, కళ్లకు ఏ బాధా లేకుండా కనిపించాడు. ఫిబ్రవరి ఆఖరులో, ఆ వేళప్పుడు, అలా కనిపించకూడదు.

లోపల మైదానంలో పిల్లల్ని పరిగెత్తిస్తున్నారు. ఏడేళ్ల నా బిడ్డ వాళ్లలో ఉంది. చలికాలమంతా పిల్లికూతలతో సరిగ్గా నిద్రపోని పిల్ల.

"ఎండ లేదు మేడం, మొగులైంది. పిల్లలను ఉరికించనీకి గిసుంటి దినం మల్ల దొరకదు," అన్నాడు ఆటల సారు, ఈల నోట్లోంచి తీసి. ఆయన కళ్లు మండి ఎర్రబడి ఉన్నాయి. మబ్బు పడితే కళ్లు ఎందుకు మండుతాయన్న అనుమానం మాత్రం ఆయన దరిదాపులకు రాలేదు.

వనపర్తిలో డిగ్రీ చదివినప్పుడు ఉపగ్రహ చిత్రాలు చదవడం నేర్పారు. ఆ చదువుతో ఉద్యోగం రాలేదు గాని, భయం వచ్చింది. రోజూ ఫోన్‌లో చూస్తాను. గద్వాల వైపు దుమ్ము లేస్తే లేత గోధుమరంగు పొరలా, అంచు తెలియకుండా పరుచుకుంటుంది. మేఘమైతే తెల్లగా ఉబ్బి, పక్కనే నేల మీద నీడ వేస్తుంది. పొగ చీపురులా ఉంటుంది. ఒక కొస కట్టినట్టు సన్నగా, రెండో కొస విచ్చుకుని. ఆ మధ్యాహ్నపు చిత్రంలో సన్న కొస మన్ననూర్ అడవిలో, మంటల్ని చూపే ఎర్ర చుక్కల మీద ఉంది. విచ్చుకున్న కొస మా ఊరి మీద ఉంది.

నేరుగా పోయి పిల్లను చేయి పట్టి తెచ్చుకోవాల్సింది. చదువుకున్నదాన్ని కదా, ఫోన్ పట్టుకుని హెడ్‌మాస్టరు గదికి పోయాను.

ఆయన ఫ్యాను కింద నుంచి లేవలేదు. ఫోన్‌ను ఒకసారి దూరంగా, ఒకసారి దగ్గరగా పట్టుకుని, "గిదేంది, కడుపు స్కానింగా?" అన్నాడు. గుమాస్తా నవ్వాడు. సారు ఏమన్నా నవ్వడమే అతని కొలువు.

"అడవిల నిప్పంటుకుంది సార్. పొగ మన మీదికొచ్చింది. పిల్లలను జర లోపటికి పిలిపియ్యుండ్రి."

"మన్ననూర్ ఏడ, మనమేడ అమ్మా? పరేషాన్ గాకు. పైనుంచి ఏమన్న వస్తెనే ఆటలు ఆపుతం."

"ఇది పైనుంచి వచ్చిందే సార్."

గుమాస్తాకు ఈసారి నవ్వాలో వద్దో తెలియలేదు. నాకు మాత్రం నా జవాబు తెగ నచ్చింది. ఎంత నచ్చిందంటే, అక్కడే నిలబడి మేఘం నీడ, పొగ కొస, గాలి వాటం అన్నీ వేలు పెట్టి విడమరిచి చెప్పాను. ఆయన ఆవలించాడు. నేనే గెలిచానన్న మాట. బయటికి వచ్చేసరికి నా బిడ్డ ఇంకో నాలుగు చుట్లు తిరిగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, గాలి కోసం నోరు తెరిచి వంగి ఉంది. "సారు... ఆగమనలే... అమ్మా" అంది.

ఆ బడిలో మూర్ఖులు ముగ్గురే అనుకున్నాను. నాలుగోదాన్ని నేనే.

దవాఖానలో మాస్కు పెట్టి రెండుసార్లు మందు ఆవిరి పట్టించాక గాని పక్కటెముకలు ఎగిసిపడటం ఆగలేదు. ఇంటికి వచ్చాక మా ఆయన, "రేపు ఫైనల్ పోటీలంట గద, పంపకుంటె సారు ఏమనుకుంటడో" అన్నాడు. పిల్ల ఊపిరి కంటే సారు మనసు గురించి దిగులుపడే మనిషికి అన్నం వడ్డించాను. ఆ రాత్రంతా పక్క గదిలోంచి ఆయన గురక వినిపించింది. ఆయన ఊపిరికి ఏ లోటూ లేదు.

తెల్లారి పిల్లనూ, దాని అన్ననూ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"ఇయ్యాల బడి లేదు. ఇగ మీదట దమ్ము ఆడకుంటె ఆగిపోండ్రి, సారును అడగకుండ్రి. నేను ఎవరితోనన్న కొట్లాడుకుంట నిలబడితే, మర్యాద గిర్యాద చూడకుండ వచ్చి నా చున్నీ గుంజుండ్రి."

"గుంజితే కొడ్తవ్ గద?" అన్నాడు కొడుకు.

"కొడ్త. అయినా గుంజుండ్రి."