గోడ వెనక దగ్గు

దుర్గారావు గురించి భిలాయి వైశాలి నగర్‌లో మూడు మాటలు తిరుగుతున్నాయి. దగ్గు విని ఊపిరితిత్తుల జబ్బును పసిగట్టే కంప్యూటరు పథకాన్ని అతను ఎవరి ప్రోద్బలంతోనో కావాలని చెడగొట్టాడన్నది మొదటిది. అతనిదేమీ లేదు, హిందీవాళ్ళ దగ్గులు విని పెరిగిన యంత్రానికి తెలుగువాళ్ళ దగ్గు అంతుపట్టలేదన్నది రెండోది. ఇది వేళాకోళంగా మొదలై, పోను పోను నిజమన్నంత బలం తెచ్చుకుంది. మూడోది అన్నిటికన్నా తియ్యనిది: యంత్రంలోని పొరపాటును అతనే కనిపెట్టి పదిమందినీ కాపాడాడట. ఈ మాట పట్టుకునే మొన్న తెలుగు సంఘం వారు అతనికి శాలువా కప్పబోయారు. అతను కప్పించుకోలేదు. కారణమైనా చెప్పకుండా కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయాడు.

మూడు మాటలూ తప్పే.

నందిని ఊరికి పోయే దారిలో ఒక రాళ్ళ క్రషర్ ఉండేది, ఇప్పుడు మూతపడింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు అందులో కాంట్రాక్టు పని చేసేవి. దుర్గారావు వాళ్ళకి మేస్త్రీ. ఏడాదికొకసారి కాంట్రాక్టరు డాక్టరు పరీక్ష పెట్టించేవాడు. ఛాతీలో గరగర వినబడితే ఆ మనిషికి గేటుపాసు మళ్ళీ రాసేవారు కాదు, పని పోయినట్టే. మందూ ఇచ్చేవారు కాదు. దానికి దుర్గారావు ఒక ఉపాయం పన్నాడు. పరీక్ష రోజు పొద్దున్నే తన మనుషులను దవాఖానా గోడ వెనక వరసగా కూర్చోబెట్టి, డొక్కలు నొప్పెట్టేదాకా దగ్గించేవాడు. ఛాతీలో పేరుకున్నదంతా అక్కడే పడిపోయాక వేడి ఉప్పునీళ్ళు పుక్కిలింపించి, తలా ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టేవాడు.

"లోన దగ్గమంతే ఒక్కపాలే దగ్గండి. పొడిగా, గొంతుకలోంచి. సాతీ కదపకండి. దుమ్ము పడతాదా అంతే, నేదనీయండి."

ఇరవై రెండేళ్ళలో అతని మనుషుల్లో దగ్గు కారణంగా గేటుపాసు పోగొట్టుకున్నవారు ఒక్కరూ లేరు. అది అతని గర్వం. యాభై దాటకుండానే పోయినవారు ఏడుగురున్నారు. వాళ్ళను ఆ గర్వంతో కలిపి అతనెప్పుడూ తలుచుకోలేదు.

మూడేళ్ళ క్రితం ఒక కళాశాల బృందం తరఫున కృష్ణప్రియ అనే అమ్మాయి అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. ఉక్కు ప్లాంటులో పనిచేసి రిటైరైనవారి కూతురు. భిలాయిలో పుట్టి పెరిగింది కనుక తెలుగు కన్నా హిందీయే ముందు నోటికొస్తుంది. క్రషర్ మనుషుల ఇళ్ళన్నీ తెలిసినవాడు దుర్గారావేనని ఎవరో చెప్పారు.

"అంకుల్, కంప్యూటర్‌కి ముందు మనం సిఖాయించాలి," అంది. "ఇది జబ్బు ఛాతీ దగ్గు, ఇది మంచి ఛాతీ దగ్గు అని చెప్తూ వందల దగ్గులు వినిపిస్తాం. నేర్చుకున్నాక కొత్త మనిషి ఫోన్‌లో దగ్గితే చాలు, అదే పెహచాన్ చేస్తుంది."

"ఏది జబ్బు సాతీయో ముందర మీకెలగ తెలుస్తాదమ్మా?"

"వాళ్ళనే అడుగుతాం కదా. అందరికీ ఎక్స్-రే తీయించలేం. ఎన్నేళ్ళు దుమ్ములో పనిచేశారు, ఆయాసం ఉందా, ఇవన్నీ ఫారంలో రాస్తాం."

దుర్గారావు ఫారం చేతిలోకి తీసుకున్నాడు. పేరు, తండ్రి పేరు, పనిచేసిన చోటు, ఎన్నేళ్ళు. అలాంటి కాగితం అతను చూడడం మొదటిసారి కాదు. క్రషర్ మనుషుల కొడుకులిప్పుడు వేరే కాంట్రాక్టర్ల దగ్గర గేటుపాసుల మీద ఉన్నారు; తండ్రి పేరు పట్టుకుని వాళ్ళనీ ఆపొచ్చు. ఈ కాగితాలు బృందం గడప దాటి బయటికి పోవని కృష్ణప్రియ రెండుసార్లు చెప్పింది. అతను తలూపాడు, నమ్మలేదు. నమ్మలేదని ఆమెతో అన్నా బాగుండేది. అనలేదు.

రికార్డింగులు పవర్ హౌస్ దగ్గర ఒక హాలులో జరిగాయి. హాలుకీ వెనక గోడ ఉంది. అరవై ముగ్గురు మనుషులు ఆ గోడ పక్కన కూర్చుని దగ్గారు, పుక్కిలించారు, బెల్లం చప్పరించారు, లోపలికి వెళ్ళి ఒక్కసారి పొడిగా దగ్గి వచ్చారు. ఏం పని చేసేవారని అడిగితే అందరూ తోట పనన్నారు. యంత్రం శ్రద్ధగా విన్నది. రాతిదుమ్ము తిన్న ఛాతీని ఆరోగ్యమైన ఛాతీగా నేర్చుకున్నది.

నిరుడు ఫిబ్రవరిలో ఆ యంత్రాన్ని పరీక్షించే శిబిరం పెట్టారు. రికార్డింగులకు రాని నూకమ్మ కూడా వెళ్ళింది. క్రషర్‌లో దుర్గారావు చేతికింద పదకొండేళ్ళు రాయి మోసిన మనిషి. అంతకుముందే సర్కారు ఆసుపత్రి డాక్టరు ఆమెకు ఎక్స్-రే చీటీ రాసిచ్చి ఉన్నాడు. ఫోన్‌లో ఆకుపచ్చ రంగు వచ్చింది: ముప్పు తక్కువ. నూకమ్మ ఇంటికొచ్చి ఆ చీటీని మడిచి, కుంటుతున్న మంచం కోడు కింద పెట్టింది.

మంచం కుంటు తీరిన సంగతి మర్నాడే ఆమే దుర్గారావుతో చెప్పి నవ్వింది. నవ్వు మధ్యలో ఊపిరి అందక ఆగింది. ఆ క్షణాన అతనికి అంతా అర్థమైంది. అర్థమైనవాడు ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. అయిదు వారాలు అలాగే తిన్నాడు.

ఆరో వారం ఆమె గుమ్మంలో కూర్చున్నాడు. ఆమె లాల్ భాజీ ఆకుకూర ఏరుతోంది. కాడ కాడకీ ఆగుతోంది.

"సెల్లే, ఆ ఎక్స్-రే తీయించుకో. మిషను సెప్పీవన్నీ నిజం కాదు."

"డాక్టర్లంతే ఏదో ఒకటి రాస్తారు." కాడ తుంచి, ఊపిరి తీసుకుంది. "మిషనుకి అబద్దమాడ్డానికేటి పని అన్నా? దాని గేటుపాసు పోతాదేటి?"

దుర్గారావు ఒక కాడ అందుకుని తుంచాడు. చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. పాత అలవాటు కొద్దీ దాన్ని మింగి, లేచాడు.

అక్కణ్ణించి తిన్నగా కృష్ణప్రియ ఆఫీసుకు వెళ్ళాడు. సోమవారం నుంచి ఆ యంత్రాన్ని ఊళ్ళలోని ఆరోగ్య కార్యకర్తలకు ఇవ్వబోతున్నారని అక్కడే తెలిసింది.

"అమ్మా, మావోళ్ళలో కొందరు దుమ్ము పని సంగతి సెప్పడం మర్సిపోయుంతారు."

"ఎంతమంది అంకుల్?"

"ఉంతారు, అయిదారుగురు."

ఆమె రాసుకుంది. అతను మెట్లు దిగి వీధిలోకి వచ్చాడు. ఒప్పుకోవడానికని వచ్చి అక్కడా అబద్ధమే చెప్పానన్నది చెప్పుల్లో రాయిలా పదడుగులు కూడా వేయనివ్వలేదు. మళ్ళీ మెట్లెక్కాడు.

"అరవై ముగ్గురూనమ్మా. మర్సిపోలేదు. నేనే సెప్పనివ్వలేదు."

గోడ, ఉప్పునీళ్ళు, బెల్లం, అన్నీ చెప్పాడు. కృష్ణప్రియ కంప్యూటరులో ఆ ఫారాలు తెరిచి ఒక్కొక్కటీ దాటిస్తూ పోయింది. తోట పని. తోట పని. తోట పని.

"ఇంతమంది మాలీలు ఒకేచోట ఎక్కడుంటారు," అంది నెమ్మదిగా. "మాకైనా షక్, అనుమానం, రావాల్సింది. రాలేదు." కంప్యూటరు నుంచి తల తిప్పి అడిగింది. "క్యోఁ అంకుల్? నేను చెప్పాను కదా, ఆ కాగితాలు ఎవరికీ ఇవ్వబోమని?"

అతనికి ఆమె కేకలేసి ఉంటే తేలిగ్గా ఉండేదనిపించింది.

సోమవారం పంపిణీ ఆగింది. ఆ రికార్డింగులన్నీ తీసేశారు. ఈసారి ఎక్స్-రే లేకుండా ఒక్క దగ్గూ చేర్చకూడదని బృందం నిర్ణయించింది. యంత్రం రావడం ఎనిమిది నెలలు ఆలస్యమైంది. ఆ ఎనిమిది నెలల్లో అది పట్టుకోగలిగిన జబ్బులెన్నో ఎవరూ చెప్పలేరు. దుర్గారావు మళ్ళీ ఇల్లిల్లూ తిరిగాడు. ప్రతి గుమ్మంలోనూ అదే మాట చెప్పవలసి వచ్చింది: ఆనాడు నేను చెప్పించింది తప్పు, గొంతు కడుక్కోకుండా రండి, ఉన్నది ఉన్నట్టు దగ్గండి.

పాత జట్టులోని రాజగోపాల్ అందరి ముందూ అననే అన్నాడు. "అన్నేళ్ళు మింగమన్నావు మేస్త్రీ. ఇప్పుడు కక్కమంతన్నావు. రెండిటికీ బెల్లం నువ్వే పెడతావా?"

నలుగురు నవ్వారు. దుర్గారావు పక్క గుమ్మానికి కదిలాడు. అరవై ముగ్గురిలో నలుగురు అప్పటికే లేరు. పదిహేడుగురు రామన్నారు. మిగతావారు వచ్చారు.

ఆఫీసులో ఒప్పుకున్న మర్నాడే నూకమ్మ మంచం కోడు కిందినుంచి చీటీ తీసింది అతనే. ఎక్స్-రేలో రెండు వైపులా మచ్చలు కనిపించాయి. రాతిదుమ్ము మచ్చలు, ఇక పోవు. వాటికి తోడు క్షయ మొదలైంది. దానికి మందుంది, అయిదు వారాలు ముందే మొదలుపెట్టవలసిందని డాక్టరు అన్నాడు. ఆ లెక్క ఆయనకి ఎలా తెలిసిందని దుర్గారావు ఉలిక్కిపడ్డాడు. శిబిరం తేదీ చూసి అన్నాడంతే.

బయట బల్ల మీద అతను ఆమెకి అంతా చెప్పాడు. నూకమ్మ చాలాసేపు మందుల సంచీ తాడు ముడి వేస్తూ, విప్పుతూ కూర్చుంది.

"నీ మూలాన్నే ఆ రోజుల్లో మా పిల్లలు అన్నం తిన్నారు అన్నా," అంది. "అది నేదనను. ఇది కూడా నేదనను."

శాలువా పట్టుకుని సంఘం వారు వేదిక మీద నిలబడినప్పుడు ఆమె మూడో వరసలో ఉంది. మూతికి గుడ్డ కట్టుకుని దగ్గుతోంది, దాచుకోకుండా.

ఎవరో చెప్పగా అతను ఆ పని చేశాడనడానికి ఆధారం లేదు. యంత్రం చెవిలో లోపం లేదు, నేర్పిందే నేర్చుకున్నది. పొరపాటును అతను కనిపెట్టనూ లేదు, అది అతను చేసిందే. దుమ్ము తిన్న అరవై ముగ్గురి చేత దుమ్ము లేదనిపించాడు. దాని ఫలితం ఒక మనిషి మీద పడిందని తెలిశాక అయిదు వారాలు ఊరుకున్నాడు. ఆ తర్వాత చెప్పాడు, మొదట సగం, మళ్ళీ మెట్లెక్కి పూర్తిగా. దుర్గారావు చేసింది ఇంతే.