జుమర్రుద్ వెతికిన పేర్ల పట్టీ

కైరోకొచ్చి మూడేళ్ళయినా జుమర్రుద్ తన మూట పూర్తిగా విప్పలేదు. తాతార్లు బాగ్దాద్ తగలబెట్టాక మోసుల్ చేరింది, అక్కడా నిలవనివ్వకపోతే హలబ్, ఆ తర్వాత ఇక్కడ. అరవై దాటిన మనిషి, కాలు ఒకచోట నిలవదు. తెల్లారిందంటే చాలు, పొయ్యి మీద గింజలు ఉడుకుతుంటే వదిలేసి పుస్తకాల అంగళ్ళకు పోతుంది.

ఆమె వెతికేది ఒక్క పుస్తకం. ఐదేళ్ళప్పుడు తాత ఒళ్ళో కూర్చుని, ప్రవక్త మాటల పుస్తకం ఒకటి ఓ ముసలి గురువు దగ్గర నాలుగు పూటలు విన్నది. ఆ గురువు నోట విన్నవాళ్ళు కైరోలో ఇంకెవరూ లేరు. విన్నవాళ్ళే ఇంకొకరికి వినిపించాలి, అది పద్ధతి. ఎవరెవరు విన్నారో, అక్కడ కూర్చున్నవాళ్ళ చేతుల్లోని ప్రతి పుస్తకం చివరి ఆకులోనూ రాసిపెడతారు. ఆ ఆకు చూపిస్తే పెద్ద పెద్ద పండితులు ఆమె ముందు కూర్చుంటారు. లేదంటే, ఊరు పోగొట్టుకుని వచ్చిన ఓ ముసలిది, అంతే. ఇంట్లో ఉన్న పుస్తకం ఇంటితోపాటే కాలిపోయింది. మసీదులో పాఠం చెప్పే ముక్బిల్ "నోటిమాట చాలదు పెద్దమ్మా" అని మర్యాదగానే పంపేశాడు.

పక్కింటి దైఫాకు ఇదంతా వేళాకోళం. "మొదలు చదవవు, తోక తడిమి పడేస్తావు. పుస్తకం కొంటున్నావా అక్కా, గొర్రెను కొంటున్నావా?"

మోసుల్ నుంచి వచ్చినాయన ఒకడు రొట్టెల కోసం అమ్ముకున్న కట్టలో ఒకనాడు అది దొరికింది. చివరి ఆకులో తన పేరు కనపడగానే జుమర్రుద్‌కు కళ్ళు మసకేశాయి, ఆ పైన చదవలేదు. ఉన్నపళాన ముక్బిల్ దగ్గరకు పట్టుకుపోయింది. విద్యార్థులందరి ముందూ అతను పైకి చదివాడు.

"ఐదేళ్ళ జుమర్రుద్, తాతగారి ఒళ్ళో. మూడో పూట నిద్రపోయింది."

కుర్రాళ్ళకు నవ్వాగలేదు. ముక్బిల్ వాళ్ళను గదిమి, పసిపిల్ల కునుకును ఎవరు పట్టించుకుంటారు, పుస్తకమంతా ఆమె పేరు మీదే చెప్పించుకుందాం అన్నాడు. దొరక్క దొరక్క దొరికిన గురువు, అతనికీ ఆత్రమే.

జుమర్రుద్ ఆ వరుస మీద వేలు పెట్టి మళ్ళీ చదువుకుంది. ఇన్నేళ్ళూ మొత్తం విన్నాననే చెప్పుకుంది మరి.

"నేను విన్నానని రాసిందీ, నిద్రపోయానని రాసిందీ ఒకటే చెయ్యి నాయనా. ఒకటి కొట్టేస్తే రెండోది ఎట్లా నమ్ముతారు?"

మర్నాడు పాఠం మొదలైంది. చోటు చాలక జనం వసారాలో నిలబడ్డారు. మూడో పూట భాగం రాగానే ఆమె "ఇది నా దగ్గర లేదు" అని ఆకులు తిప్పేసింది.

ఆ పట్టీలో ఆమె పేరు కింద ఇంకో పేరుంది. మహాసిన్, ఏడేళ్ళు, నాలుగు పూటలూ మెలకువగా విన్నాడు. బతికుంటే ఆమెకన్నా రెండేళ్ళు పెద్ద. పాఠం ముగిసిందో లేదో జుమర్రుద్ చెప్పులు తొడుక్కుని, ఉత్తరాది బిడారులు దిగే సత్రానికి బయల్దేరింది. ఒంటె దిగిన ప్రతి ముసలాణ్ణీ నిలబెట్టి, నీ పేరేంటని అడుగుతోంది.